బర్రెకు ఎడమ పక్కన

నవంబర్ 12

చెయ్యి ఎత్తకుండా ఉండాల్సింది.

పశువుల షెడ్డు ముందు అందరం నిలబడి ఉన్నాం. బీదర్ వెటర్నరీ కాలేజీలో మొదటి ప్రాక్టికల్. కొత్త గంబూట్లు, ఇస్త్రీ మడత పోని ఏప్రన్లు. మీలో ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎవరని సారు కన్నడలో అడిగారు. మాది ఊరు కాదని ఎలా అంటాను? ఎత్తాను. అయితే నువ్వే చూపించు, బర్రె దగ్గరికి ఎలా వెళ్ళాలో ఈ పట్నం పిల్లలకు, అన్నారు నవ్వుతూ.

కొన్ని అడుగులు వేశాను. అది తల తిప్పి చూసింది. అంతే... కాళ్ళు కదలలేదు.

ఎవరూ పైకి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నా గదిలో ఉండే జగదేవి వెనక నుంచి వచ్చింది. నన్ను నెట్టినట్టు లేకుండానే పక్కకు జరిపి, బర్రె మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. ఇంట్లో గుంజకు ఆనుకున్నంత మామూలుగా.

నవంబర్ 13

ఊళ్ళో పుట్టినవాళ్ళందరికీ పశువులు తెలుసని వీళ్ళకు ఎవరు చెప్పారు? మా ఇంట్లో ఉన్నవి కుట్టుమిషన్లు. ఒకటి బాపుది, ఒకటి అమ్మది. పశువులు గోడకు అవతల, మల్లమ్మత్త ఇంట్లో. పాలచెంబు గోడ మీది నుంచి అందిస్తుంది, నేను అందుకుంటాను. ఇన్నేళ్ళూ గోడకు ఇవతలే ఉన్నాను.

ఇది ఎవరికైనా చెప్పాలి. ఎవరికి?

నవంబర్ 15

అమ్మ ఫోన్. మా ఊరి పక్కన ఔరాద్ సంతలో గుండీలు అమ్మేవాడికి కూడా బాపు చెప్పాడట — నా బిడ్డ డాక్టర్ చదువుతాంది అని. ఏ డాక్టర్ అని వాడు అడగలేదట, బాపు చెప్పలేదట. అమ్మ నవ్వుతోంది. నేనూ నవ్వాను.

ఎంట్రెన్సులో నా ర్యాంకుకు మెడికల్ రాలేదు. వచ్చింది ఈ పశువుల డాక్టర్ చదువు. వచ్చినరోజు బాపు ఒక నిమిషం ఊరుకుని, "డాక్టరే గద" అన్నాడు. ఆ ఒక్క నిమిషం నాకు మరుపు రావడం లేదు.

నవంబర్ 19

జగదేవి గురించి. బీదర్ పక్కన బగ్దల్ ఊరి పిల్ల. వాళ్ళ ఇంట్లో బర్రెలు, ఎడ్లు, చెరుకు తోట. ఇంట్లో తెలుగే. మొదటిరోజు గదిలో పెట్టె దించుతూనే "నీది ఏ ఊరే?" అంది. బీదర్‌లో దిగాక నేను విన్న మొదటి మన మాట అదే. ఏడుపొచ్చింది, దగ్గినట్టు నటించాను.

ఆమెకు భయం పశువులతో కాదు, పుస్తకాలతో. ఎముకల పేర్లు ఒక్కటీ నిలవవు. పొద్దున చెప్పినది మధ్యాహ్నానికి పోతుంది. నాకేమో ఒకసారి చూస్తే చాలు. బల్ల మీద పరిచిన ఎద్దు ఎముకల్లో ఏది కుడిదో ఏది ఎడమదో కళ్ళు మూసుకుని తడిమి చెప్పగలను. ఎండిపోయిన ఎముకకు కళ్ళుండవు. తల తిప్పి చూడదు.

నవంబర్ 22

విమానాలు. పొద్దుటి నుంచీ హాస్టల్ మీదుగా ఎయిర్‌ఫోర్సు వాళ్ళ ట్రైనింగ్ విమానాలే. ప్రతిసారీ ఉలిక్కిపడేది నేనొక్కదాన్నే. షెడ్డులో బర్రెలు నెమరు వేయడం కూడా ఆపడం లేదు.

నవంబర్ 27

ఒప్పందం. నేను ఎముకలు చెప్పాలి, ఆమె బర్రెను చెప్పాలి.

సాయంత్రం ఆమె వెంట షెడ్డుకు వెళ్ళాను. పాలు పితికే సాయన్న బకెట్టు పక్కకు పెట్టాడు. జగదేవి నా మణికట్టు పట్టుకుంది.

"ఎన్క నుంచి పోకు. నువ్వు దానికి కనవడవ్, బెదురుతది. ఎడమ పక్క నుంచి మాట్లాడుకుంట పో."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నీ బొక్కల పేర్లు చెప్పు."

చెప్పాను. భుజం నుంచి మొదలుపెట్టి గిట్ట దాకా, లాటిన్‌లో. బర్రె విన్నట్టే ఉంది. జగదేవి వెనక నిలబడి వేలి కొసతో దాని వీపు తాకాను. వేడిగా ఉంది. లోపల ఏదో కదులుతోంది. చెయ్యి లాగేసుకున్నాను.

డిసెంబర్ 3

డిసెక్షన్. కుళ్ళకుండా మందులో ఊరబెట్టిన మేక. ముక్కు, కళ్ళు మండిపోతున్నాయి. చర్మం కిందనే పల్చటి పొర ఒకటి ఉంటుంది, అది తెగకుండా చర్మం ఒక్కటే విడదీయాలి. అందరివీ తెగుతున్నాయి. నాది తెగలేదు. పాతకోటు అస్తరు ఎలా విప్పాలో చిన్నప్పుడే బాపు చేయి పట్టి చూపించాడు. బ్లేడును గుడ్డ వైపు కాదు, దారం వైపు తిప్పాలని. అదే చేశాను. మేడమ్ అందరినీ పిలిచి నా బల్ల చూపించారు.

జగదేవి బయటికి పరుగెత్తి, మెట్ల దగ్గర వాంతి చేసుకుంది. నీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. అన్నం తినలేదు పాపం.

సంతోషంగా ఉండాలి కదా. ఒక్కటే ఆలోచన తిరుగుతోంది — చచ్చినవాటికే డాక్టర్‌నవుతానా?

డిసెంబర్ 4

ఊరికి పోవాలని ఉంది. పోతే తిరిగి రాబుద్ధి కాదని భయం.

డిసెంబర్ 14

ఊళ్ళో ఉన్నాను. 

పొద్దున ముఖం కడుక్కుంటుంటే గోడ మీది నుంచి మల్లమ్మత్త పిలిచింది. మేక సోయాబీన్ సంచి చింపి తిన్నదట. వెళ్ళి చూశాను — గోడ దాటి, మొదటిసారి. కడుపు ఉబ్బిపోయింది. ఎడమ వైపు మరీ. పెద్దపొట్ట ఎడమ వైపే ఉంటుందని పుస్తకంలో చదివాను, బొమ్మ గీశాను, మార్కులు కూడా వచ్చాయి. అంతకుమించి ఒక్క ముక్క తెలియదు.

వాడకట్టు అంతా చేరింది. "డాక్టరమ్మ ఉన్నది గద" అన్నారు ఎవరో. బాపు కూడా మిషన్ మీది నుంచి లేచి గోడ దాకా వచ్చాడు.

జగదేవికి ఫోన్ చేశాను. ముందరి కాళ్ళు ఎత్తున పెట్టి నిలబెట్టమంది, ఇంత నూనె తాగించమంది, జాగ్రత్త, ఊపిరి గొట్టంలోకి పోనివ్వొద్దంది, ముందు పశువుల డాక్టర్‌ను పిలవమంది. డాక్టర్ ఇంకో ఊళ్ళో ఆవు ఈనలేక ఉందని అక్కడున్నారు, అది కాగానే వస్తానన్నారు. జగదేవి చెప్పింది చెప్పినట్టు నేను చెప్పాను. పట్టుకుంది మల్లమ్మత్త, నూనె పోసింది మల్లమ్మత్త, పొట్ట నిమిరింది మల్లమ్మత్త. నేను ఫోన్ పట్టుకుని నిలబడ్డాను.

డాక్టర్ బండి ఊళ్ళోకి రాకముందే మేక పోయింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా, ఇంక నేర్వనే లేదు గద" అంది మల్లమ్మత్త. కొంగుతో మేక మూతి తుడుస్తూ అంది. నన్ను ఒక్క మాట అనలేదు.

దాని మీద చెయ్యి వెయ్యలేదు నేను. చివరిదాకా.

డిసెంబర్ 15

బస్సు దగ్గరికి బాపు వచ్చాడు. ఔరాద్ స్టాండులో తెలిసినాయన ఒకడు, బిడ్డ ఏం చేస్తున్నదని అడిగాడు.

"బీదర్ల చదువుకుంటాంది."

అంతే అన్నాడు. డాక్టర్ అన్న మాట లేదు.

డిసెంబర్ 21

క్లాసులో కూర్చుంటాను, సారు పెదవులు కదులుతుంటాయి. ఇంగ్లీషు, మధ్యలో కన్నడ. రాసుకుంటాను. సాయంత్రం చూస్తే నా రాతే నాకు అర్థం కాదు. చలి బాగా పెరిగింది. రెండు దుప్పట్లు చాలడం లేదు. మెస్‌లో జొన్నరొట్టె చల్లారి చెక్కలా ఉంది. దేని మీదా మనసు నిలవడం లేదు... కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికని.

మేక చచ్చినరోజు నుంచి షెడ్డుకు వెళ్ళలేదు. ప్రాక్టికల్‌లో వెనక వరుస. జగదేవి చూస్తూనే ఉంది, అడగడం లేదు.

డిసెంబర్ 29

ఈరోజు రాయకపోతే నమ్మలేను.

జగదేవికి కౌన్సెలింగ్ చివరి రౌండులో వేరే సీటు వచ్చింది. ఆయుర్వేదం. హుబ్బళ్ళిలో. మంచం మీద కూర్చుని ఫోన్ నా వైపు తిప్పింది. ఆమె ఇంకా కౌన్సెలింగ్‌లో ఉందని కూడా నాకు తెలియదు. ఇంట్లోవాళ్ళ బలవంతం అనుకున్నాను.

"మీ అన్న పొమ్మన్నడా?"

"అన్నకు ఇదే ఇష్టం. ఇంట్ల బర్రెలున్నయి గద, అక్కరకొస్తనని. నేనే పోత అన్న."

"నీకన్న మంచిగ ఎవరికొస్తది ఈ పని?"

 ఆమె గోళ్ళు చూసుకుంది.

"రేణూ, నేను నడక నేర్చిందే పెండలో. బడికి పొయ్యేముందు పెండ, వచ్చినంక పెండ. చెయ్యి వాసన చూసి పక్కన కూసునేటోళ్ళు గాదు బడిల. నాకు వస్తది గని నాకొద్దు. నీకు రాదు గని... నీకు కావాల్నేమో, నాకు ఎర్కలేదు."

నాకు కావాలా? అడగలేదు ఆమె, నేనే అడుగుతున్నాను.

జనవరి 2

జగదేవి వెళ్ళిపోయింది. వాళ్ళన్న జీపు తెచ్చాడు. నాతో ఎక్కువ మాట్లాడలేదు. బగ్దల్ వచ్చినప్పుడు ఇంటికి రమ్మన్నాడు. వెళ్ళేముందు ఆమె ఒక్కతే షెడ్డు వైపు వెళ్ళొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎందుకెళ్ళావని నేను అడగలేదు.

జనవరి 3

పక్క మంచం ఖాళీ. పరుపు చుట్టి పెట్టేశారు.

జనవరి 5

బాపు ఫోన్. ఎప్పుడూ అమ్మే చేస్తుంది, ఈసారి బాపు. జగదేవి సంగతి అమ్మ చెప్పినట్టుంది. కాసేపు చలి గురించి మాట్లాడాడు. బట్టలు చాలుతున్నాయా అన్నాడు. తర్వాత...

"నువ్వు గూడ ఎంట్రెన్స్ మల్ల రాయరాదు? ఈసారి మనుషుల డాక్టర్ వస్తదేమో."

"ఊఁ" అన్నాను.

వింటున్నానని "ఊఁ" అన్నానో, రాస్తానని అన్నానో నాకే తెలియదు. బాపు రాస్తాననే అనుకున్నాడు. గొంతు తేలికైంది. ఆ తేలికైన గొంతు విన్నాక కాదని చెప్పలేకపోయాను.

జనవరి 11

రాస్తే వెళ్ళిపోవచ్చు. ఇక్కడ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. బర్రె ముందు నిలబడక్కర్లేదు.

వస్తుందా మరి? పోయినసారి రానిది?

జనవరి 18

ఒక్కదాన్నే షెడ్డుకు వెళ్ళాను.

ఎందుకెళ్ళానో చెప్పలేను. టీ తాగాక గదికి వెళ్ళాలి, కాళ్ళు అటు నడిచాయి. సాయన్న పాలు పితుకుతున్నాడు. ఇక్కడ నిలబడొచ్చా అని అడిగాను.

"నిలవడమ్మా. భయమైతె దూరం నిలవడు. నాకు పనున్నది" అన్నాడు. నా వైపు మళ్ళీ చూడలేదు. ఎవరూ చూడకపోవడం ఇంత హాయిగా ఉంటుందని తెలియదు.

నిలబడ్డాను. అంతే. వచ్చేశాను.

జనవరి 19

మళ్ళీ. నిన్నటికంటే కొంచెం దగ్గర.

జనవరి 23

మొదటిరోజు నా వైపు తల తిప్పిన బర్రె పేరు గౌరి. సాయన్న పెట్టిన పేరు. చూలుతో ఉందట. చెవికి బిళ్ళ ఉంది, సార్లు నంబరుతోనే పిలుస్తారు. ఒక కొమ్ము కిందికి వంగి ఉంది. ఎడమ పక్క నుంచి వెళ్ళాను. ఎముకల పేర్లు చెప్పబోయి ఊరుకున్నాను. మల్లమ్మత్త మేక సంగతి చెప్పాను. సోయాబీన్ సంచి, నూనె, ఫోన్... అంతా. ఎవరికీ ఇంతవరకు చెప్పలేదు. గౌరి నములుతూనే ఉంది. సాయన్న విన్నాడేమో తెలియదు. 

అరచెయ్యి మొత్తం ఆనించాను. తీయలేదు.

ఫిబ్రవరి 3

తొక్కింది.

గౌరి. ఎవరో డబ్బా పడేశారు, అది ఒక అడుగు పక్కకు వేసింది. ఆ అడుగు కింద నా కాలు. అరవడానికి ఊపిరి రాలేదు. సాయన్న వచ్చి, భుజంతో దాన్ని తోసి జరిపాడు. బొటనవేలు గోరు అప్పుడే నల్లబడింది. హాస్టల్ దాకా కుంటుతూ వచ్చాను. మందు రాసుకున్నాను. సలుపుతోంది.

ఇన్నాళ్ళూ భయపడింది దీనికేనా? ఇదేనా అది?

వింతగా ఉంది. ఏడవాలని కూర్చున్నాను, నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 4

నిజంగానే చాలా నొప్పిగా ఉంది. నవ్వు లేదు.

ఫిబ్రవరి 7

టెస్టు. పశువు దగ్గరికి వెళ్ళడం, తలకు తాడు కట్టడం, కదలకుండా నిలబెట్టడం. నా పేరు పిలిచారు. కుంటుతూ వెళ్ళాను. గౌరి కాదు, ఎప్పుడూ చూడని బర్రె. తల తిప్పి చూసింది. గుండె అలాగే కొట్టుకుంది — ఆ మొదటిరోజు కొట్టుకున్నట్టే, ఏమీ తగ్గలేదు. కానీ కాళ్ళు నడిచాయి.

ముడి తప్పు వేశాను. లాగితే బిగుసుకుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది, విప్పి మళ్ళీ కట్టు అన్నారు సారు. విప్పాను. కట్టాను. సరే, నెక్స్ట్ అన్నారు.

సరే అంటే సరే అనేనా, చాల్లే పో అనా?

ఫిబ్రవరి 20

జగదేవి ఫోన్. ఎలా ఉందే అంటే, బాగుందంది. మళ్ళీ అదే మాట ఇంకోసారి అంది. శ్లోకాలట, సంస్కృతం, కంఠస్థం చేయాలట. గదిలో ఇద్దరమ్మాయిలు మంచివాళ్ళేనట.

"గౌరి ఈనిందా?" అంది ఉన్నట్టుండి.

ఇంకా లేదన్నాను. ఎన్ని నెలలో సాయన్నను అడిగి చెప్పమంది. సరేనన్నాను. 

"వాసన లేదే ఈడ. దేని వాసన లేదు. నిద్ర వడ్తలేదు" అంది.

తిరిగి వస్తావా అని అడగబోయాను. ఇక్కడి సీటు వదులుకున్నాక వచ్చే దారి లేదని ఆమెకూ తెలుసు. అడగలేదు. నేను బర్రెకు తాడు కట్టానని చెప్తే ఎంత సంతోషపడిందో. "నా తల్లే" అంది. వాళ్ళమ్మలాగా.

మార్చి 6

బస్సు కండక్టర్ చేత బాపు పుస్తకాలు పంపాడు. ఎంట్రెన్స్ పుస్తకాలు. ఔరాద్‌లో ఎవరో పిల్లవాడు చదివి వదిలేసినవి. అట్టలు ఊడిపోతే బాపు మిషన్ మీద కుట్టాడు. సన్నటి కుట్టు, ప్యాంటు బెల్టుకు వేసేలాంటిది. ఒక్కచోట కూడా వంకర లేదు.

మంచం కింద పెట్టాను. బయటికి తీశాను. మళ్ళీ పెట్టాను.

మార్చి 10

ఫిజిక్స్ తెరిచాను. ఒక లెక్క చేశాను, వచ్చింది. వచ్చినందుకు సంతోషమూ లేదు, దుఃఖమూ లేదు. నాలుగింటికి పాలు పితికే వేళ అయిందని తెలిసి పుస్తకం మూశాను. కాసేపు కూర్చున్నాను. తెరిచాను. చదవలేదు.

ఎటూ కాకుండా ఉన్నాను. రెండు పడవలు కూడా కాదు... ఒడ్డునే రెండు కాళ్ళూ.

మార్చి 22

బాపు వచ్చాడు.

చెప్పకుండా వచ్చాడు. బీదర్‌లో దారాలు కొనే పని ఉందన్నాడు, చేతిలో దారాల సంచి మాత్రం లేదు. హాస్టల్ గేటు దగ్గర తెల్ల చొక్కా, కొత్త చెప్పులు. నేను ఏప్రన్‌తోనే, పుస్తకాల సంచి భుజాన వేసుకుని క్లాసు నుంచి పరుగెత్తాను. నన్ను చూసి ముందు అన్నమాట —

"భుజం దిగింది."

ఏప్రన్ గురించి. చేతులు కూడా పొడుగైనాయట. ఎవడు కుట్టిండు అన్నాడు. రెడీమేడ్ అన్నాను. తల అడ్డంగా తిప్పాడు, ఎవరో తప్పు చేసినట్టు.

షెడ్డు చూస్తానన్నాడు. తీసుకెళ్ళాను. గడప దగ్గర ఆగిపోయాడు. ముందు అర్థం కాలేదు నాకు. రా బాపు అని లోపలికి వెళ్ళి, గౌరి పక్కన నిలబడి తిరిగి చూస్తే — బాపు నేనిచ్చిన పుస్తకాల సంచి రెండు చేతులతో గుండెకు పట్టుకుని గడప దగ్గరే ఉన్నాడు. బర్రె తోక ఊపితే ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇంతకాలం పాలచెంబు నేనే ఎందుకు అందుకున్నానో, బాపు ఎప్పుడూ ఎందుకు గోడ దాటలేదో... ఇవాళ తెలిసింది. ఆయన ముఖం చూసి, నేను చూడలేదన్నట్టు గౌరి వైపు తిరిగాను.

గౌరి పొట్ట మీద చెయ్యి వేశాను. లోపల దూడ తన్నింది. బాపూ, దూడ కదుల్తాంది అన్నాను. బాపు అక్కడి నుంచే నా చెయ్యి వైపు చూశాడు. గౌరిని కాదు, చేతినే. చాలాసేపు.

తర్వాత బస్టాండు. ఏప్రన్ విప్పించి మడిచి చంకలో పెట్టుకున్నాడు, సరిచేసి పంపుతానని. రేపు ప్రాక్టికల్ ఉందంటే ఎవరిదన్నా అడుక్కో అన్నాడు. చెరుకురసం తాగాం. ఔరాద్ బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాడు. నేను కింద నిలబడ్డాను. అప్పుడు అడిగాడు, రోడ్డు వైపు చూస్తూ.

"పుస్తకాలు చదువుతున్నవా?"

"బాపు, ఆ పుస్తకాలు..."

బస్సు కదిలింది. కండక్టర్ తలుపు కొడుతున్నాడు, వెనక నుంచి ఇంకో బస్సు హారను. బాపు కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అన్నాడు. పెద్ద మాటే. పెదవులు చాలాసేపు కదిలాయి. ఒక్క ముక్క వినపడలేదు. నేను తల ఊపాను, విన్నట్టు.

ఎందుకు ఊపాను?

మార్చి 23

బాపు ఫోన్ చేశాడు. నిన్న మంచిగనే చేరాడట. ఏప్రన్ భుజాలు విప్పాడట, సాయంత్రానికి అయిపోతుందట. అమ్మ బాగుందట.

కిటికీలోంచి ఏమన్నవ్ బాపు అని అడిగాను.

"ఏమనలే" అన్నాడు. మళ్ళీ తనే, "నువ్వేమో అనవోయినవ్?"

"ఏం లేదు" అన్నాను.

 ఆయన దగ్గరి వీధి చప్పుడు నాకు వినిపిస్తోంది. ఇక్కడి విమానం చప్పుడు ఆయనకు వినిపించే ఉంటుంది. ఇద్దరిలో ఎవరమూ ఫోన్ పెట్టలేదు.